మూడో చివర

“నాలుగింటికి ఆవిణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళిపోతాను. ఆలోగా మీరు తడమాల్సిన గోడలేవో తడిమేసుకోండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మీటరమ్మ సంచీలోంచి తన మీటరు తీసి, దాని ఎర్ర వైరునూ నల్ల వైరునూ చిక్కు విడదీసుకుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్లు పరీక్షించే ఉద్యోగం వదిలి డిటెక్టివ్ అయ్యాక కూడా ఆవిడ ఆ మీటరును మాత్రం వదల్లేదు. అందుకే ఆ పేరు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు ఇంట్లో కూడా లేరు. మనుషులు అబద్ధమాడతారు, కాగితాలు అబద్ధమాడతాయి, రాగి తీగకి మాత్రం ఆ విద్య పట్టుబడలేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతో కొన్ని కేసులు గెలిచింది, అంతకు పదింతలు శత్రువుల్ని సంపాదించుకుంది. ఆ జాబితాలో ఇన్‌స్పెక్టర్‌ది మొదటి వరస.

ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేమీ కాదు. తొందర ఎక్కువ. కందకు లేని దురద కత్తిపీటకెందుకని, కేసు ఎవరి మీదికి తేలికగా వాలితే వాళ్ళ మీదే వాలనిస్తాడు. ఈసారి అది ఈ మందుల పరీక్షాశాలలో పెద్ద కెమిస్టు మీద వాలింది.

జరిగింది చిన్నది కాదు. ఇక్కడ పరీక్ష అయి బయటికి వెళ్ళిన దగ్గుమందు తాగి పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. ఒక పాప ఇంకా కళ్ళు తెరవలేదు. ఆ విడత సరుకు చెడిపోయిందనీ, పంపవద్దనీ తన చేత్తో కంప్యూటర్‌లో కొట్టానని పెద్ద కెమిస్టు చెబుతోంది. కంప్యూటర్‌లో మాత్రం ‘మంచిది’ అని ఉంది. ఆ మాట ఎక్కింది ఆవిడ పాస్‌వర్డ్‌తోనే, పాత ల్యాబ్ లైను మీదినుంచే, అందరూ భోజనానికి వెళ్ళిన వేళలోనే. ఆ వేళ ల్యాబ్‌లో ఉన్నది ఆవిడొక్కతే. ఇన్‌స్పెక్టర్ దృష్టిలో ఇక ఆలోచించడానికి ఏముంది?

మీటరమ్మను పిలిపించింది కెమిస్టు తమ్ముడు. అతనూ ఇక్కడే పనిచేస్తాడు. కొత్త భవనంలో కంప్యూటర్ కేబుళ్ళన్నీ అతను వేసినవే. తల్లీ తండ్రీ లేని ఇంట్లో అక్కే అతనికి అన్నం పెట్టింది, చదివించింది, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది, ఈ ఉద్యోగమూ వేయించింది. పొద్దున మీటరమ్మ వచ్చీ రాగానే కాళ్ళ మీద పడినంత పని చేశాడు. ఎవరు చేశారో కనిపెట్టండి, అక్కని జైలుకి పోనివ్వకండి అన్నాడు. ఆ పిల్లవాడి కళ్ళు చూసి మీటరమ్మకు జాలేసింది. జాలితో ఒప్పుకున్న కేసులు తనకెప్పుడూ కలిసిరాలేదని తెలిసి కూడా ఒప్పుకుంది.

కెమిస్టు తన అద్దాల గదిలో తన కంప్యూటర్ ఎదురుగానే కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ అక్కడే. ఎదుటి కుర్చీలో ఇన్‌స్పెక్టర్, గుమ్మంలో కానిస్టేబుల్. బయటినుంచి చూసేవాళ్ళకి ఆవిడ రోజూలాగే పని చేసుకుంటున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ కంప్యూటర్ ప్లగ్గు పొద్దునే పీకి తన బూటు కింద పెట్టుకున్నానని ఇన్‌స్పెక్టర్ గొప్పగా చెప్పాడు. ఆధారాలు చెరిపేస్తుందేమోనన్న జాగ్రత్తట.

మీటరమ్మ ఆవిణ్ణి ఏడిపించే ప్రశ్నలేవీ అడగలేదు. గొడవకు ముందు ఈ లైను ఎప్పుడైనా మొండికేసిందా అని మాత్రం అడిగింది.

కెమిస్టు తల ఎత్తింది. ఆ ‘మంచిది’ ఎక్కడానికి ముందురోజు, కొత్త భవనంలో మీటింగ్ ఉందని మేనేజర్ అందరినీ పిలిచాడట. తిరిగొచ్చి చూస్తే ఐదు కంప్యూటర్లూ మూగబోయి ఉన్నాయి. తను వెళ్ళి రెండు చివరలా ఉన్న టోపీలు తడిమి చూసింది, రెండూ గట్టిగానే ఉన్నాయి. కాసేపటికి లైను దానంతటదే వచ్చింది.

“వచ్చాక మునుపటిలా నడిచిందా?”

“లేదండీ. కుంటుతూ నడిచింది. ఇప్పటికీ అంతే. కొట్టిన మాట ఒకసారి వెళ్తుంది, ఒకసారి వెళ్ళదు.”

“టోపీలేంటి మధ్యలో?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “జనానికి టోపీ పెట్టింది చాలక?”

కెమిస్టు ముఖం ఎర్రబడింది. మీటరమ్మ ఆ జోకును నేల మీదే వదిలేసి ల్యాబ్‌లోకి నడిచింది.

పాత ల్యాబ్‌ది పాతకాలపు అమరిక. చిటికెనవేలంత లావు కూడా లేని నల్లటి కేబుల్ ఒకటి గోడ వెంబడి ఈ చివరినుంచి ఆ చివరికి పోతుంది. ఒకే దండెం మీద ఐదు చొక్కాలు ఆరేసినట్టు, ఐదు కంప్యూటర్లూ దాని మీదే. ఒక్కో కంప్యూటర్ వెనక మూడు నోళ్ళ జాయింటు ఉంటుంది. ఒక నోరు కంప్యూటర్‌కి, తక్కిన రెండూ అటూ ఇటూ కేబుల్‌కి. కేబుల్ రెండు చివరలా చెరో లోహపు మూత. వాటినే ఇక్కడ టోపీలంటారు. టోపీ లేకపోతే చివరికి చేరిన మాట అక్కడ ఆగకుండా వెనక్కి తన్నుకొచ్చి, ఎదురొచ్చే మాటలన్నిటినీ పాడుచేస్తుంది. ఒక్క టోపీ ఊడినా, మధ్యలో ఒక్కచోట కేబుల్ తెగినా దండెం మొత్తం నేలపాలు. కొత్త భవనంలో ఆ బాధ లేదు. అక్కడ నడుమ స్విచ్ పెట్టె ఉంటుంది, ప్రతి కంప్యూటర్‌కీ దానినుంచి విడిగా సొంత కేబుల్. ఒకటి చచ్చినా పక్కదానికి తెలియదు, ఒకరి మాట ఇంకొకరి చెవిన పడదు. ఈ పాత లైను మీద మాత్రం ఎవరేం మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది, పాస్‌వర్డ్‌తో సహా. పాత లైను చివరి జాయింటుకి హబ్ అనే కలిపే పెట్టె తగిలించి, అక్కణ్ణుంచి కొత్త భవనానికి కలిపారు.

మీటరమ్మ కేబుల్ వెంట నడుస్తుండగా మేనేజర్ వచ్చాడు. మాటల్లో తేనె కురిపించే మనిషి. టీ తాగారా అన్నాడు, ఫ్యాను వేయమంటారా అన్నాడు, ఈ పాత లైను ఎప్పుడూ ఇంతేనండీ, ముసలివాళ్ళ మోకాళ్ళలాంటిది అన్నాడు. కెమిస్టు అద్దాల గదివైపు చూసి, ఎంత నమ్మామండీ అని నిట్టూర్చాడు. సరుకు వ్యాను బయల్దేరదీయాలని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంత గొడవలోనూ సరుకు పంపుతున్నారా అని మీటరమ్మ అడిగితే, ఇది రెండో విడతనీ, పరీక్షలో నెగ్గిందనీ వెళుతూనే చెప్పాడు.

మీటరమ్మ అన్ని కంప్యూటర్లూ ఆపించింది. కెమిస్టులు చేతులు కట్టుకుని ఒక పక్కకి చేరారు. తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆవిడ మూడో కంప్యూటర్ వెనకనుంచి జాయింటును ఊడదీసి, కేబుల్‌ను అలాగే ఉంచి, మీటరు మొనలు రెండూ దానికి ఆనించింది.

మీటరు పదిహేడు ఓములు చూపించింది.

మొనలు తుడిచి మళ్ళీ పెట్టింది. పదిహేడే.

“ఇరవైఐదు ఉండాలి,” అంది.

మీటరు ముసలిదైపోయిందేమోనని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. మీటరమ్మ వెళ్ళి లైను చివరినుంచి టోపీ ఒకటి ఊడదీసి తెచ్చి, అతని అరచేతిలో పెట్టి, అక్కడే మొనలు ఆనించింది. సరిగ్గా యాభై.

“ఒక్కో టోపీ కరెంటుకి యాభై ఓముల అడ్డు. రెండు టోపీలు ఒకే కేబుల్ మీద ఉంటే సగమౌతుంది, ఇరవైఐదు. పదిహేడంటే యాభైలో మూడో వంతు. ఈ లైను మీద మూడు టోపీలున్నాయి ఇన్‌స్పెక్టర్ గారూ.”

“ఉంటే ఉండనివ్వండి. ఒకటి ఎక్కువ పెట్టుంటారు.”

“ఎక్కడ పెడతారు? టోపీ చివరనే పెట్టాలి. ఒక కేబుల్‌కి చివరలు రెండే.”

ఇన్‌స్పెక్టర్ చేతిలోని టోపీ వైపు చూసుకున్నాడు. అతని తొందర మొదటిసారి కాస్త నెమ్మదించింది.

తక్కిన పని మీటరమ్మకు ఎక్స్ఛేంజీ రోజులనుంచీ వెన్నతో పెట్టిన విద్య. టోపీని దాని చోట తిరిగి బిగించి, రెండో కంప్యూటర్‌కీ మూడోదానికీ నడుమ కేబుల్‌ను విడదీసింది. ఎడమ ముక్క యాభై చూపించింది, ఒక్క టోపీ. కుడి ముక్క ఇరవైఐదు చూపించింది, రెండు టోపీలు. అంటే దొంగ కుడివైపున్నాడు. ఈసారి మూడుకీ నాలుగుకీ నడుమ, మూడోదాని దగ్గర విడదీసింది. కుడి ముక్క అప్పుడూ ఇరవైఐదే. నాలుగోదాని దగ్గర కూడా విడదీసి, అవతలి ముక్కకి ఆనించింది. యాభై. మిగిలింది మూడుకీ నాలుగుకీ మధ్య ఉన్న ఆ కాస్త కేబులే. ఆ కాస్తా శాంపిల్ సీసాల ఇనప బీరువా వెనకనుంచి పోతోంది.

బీరువా జరపడానికి మనుషులు కావాలంది. ఇద్దరు కెమిస్టులు వచ్చారు, కానిస్టేబుల్ వచ్చాడు. తమ్ముడు గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. పొద్దుటినుంచీ పిలవకముందే పరిగెత్తుకొచ్చిన మనిషి, ఇప్పుడు పిలిచినా కదల్లేదు. మీటరమ్మ అది చూసింది. చూడనట్టు ఊరుకుంది.

బీరువా కిర్రుమంటూ జరిగింది. వెనక గోడ మీద కేబుల్ తెగ్గోసి, నడుమ కొత్త జాయింటు పెట్టి ఉంది. దాని మూడో నోటినుంచి ఇంకో నల్ల కేబుల్ బయల్దేరి గోడలో తొలిచిన కన్నంలోకి వెళ్ళింది.

ఆ పని చేసినవాడు దండెం మీద బతికినవాడు కాదని మీటరమ్మకు చూసిన వెంటనే తెలిసిపోయింది. ఈ లైను తెలిసినవాళ్ళెవరూ ఇలా నడిమధ్యలోంచి కొమ్మ లాగరు. అలా లాగితే లైను కుంటుతుంది. కెమిస్టు ఏళ్ళ తరబడి ఈ జాయింట్లు తన చేత్తో వేసుకున్న మనిషి, ఆవిడ నిద్రలో కూడా ఈ తప్పు చేయదు. ప్రతి కంప్యూటర్‌కీ సొంత కేబుల్ వేసి వేసి అలవాటైన చెయ్యే ఇలా చేస్తుంది.

ఆవిడ వంగి కన్నం దగ్గర వేలు పెట్టింది. కేబుల్ కొసకి ఆకుపచ్చ టేపు రెండు చుట్లు చుట్టి ఉంది. కొత్త భవనంలో స్విచ్ పెట్టె తెరిస్తే గుత్తులు గుత్తులుగా కేబుళ్ళు. ఏది ఎవరిదో తెలియడానికి వాటి కొసలకి ఇలాగే టేపు చుట్టి ఉండడం ఆవిడ పొద్దునే చూసింది. ఒకే లైను మీద బతికేవాళ్ళకి టేపుతో పనేముంది, ఉన్నది ఒక్క కేబులే అయినప్పుడు? దొంగతనంగా వేసిన కేబుల్‌కి కూడా గుర్తు పెట్టింది ఆ చెయ్యి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. చేతి అలవాటుకి మెదడుతో పనిలేదు, అది ముందే చేసేసి ఊరుకుంటుంది.

మీటరమ్మ బొటనవేలు ఆ టేపు మీదే ఉండిపోయింది. వెనక ఇన్‌స్పెక్టర్ ఏముందని అడుగుతున్నాడు. వేలు తీస్తే తనను నమ్మి పిలిచిన పిల్లవాడు పోతాడు. తీయకపోతే వాడి అక్క పోతుంది. ఆవిడకు కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పుడే తేల్చుకోలేకపోయింది. వేలు తీసేసింది.

“గోడకి అవతలేముంది?” అంది.

అవతల పాత సామాన్ల గది. తాళం మేనేజర్ దగ్గరే ఉంటుందట. మేనేజర్ కోసం పంపితే గదిలో లేడన్నారు. ఇన్‌స్పెక్టర్ కాసేపు తటపటాయించి, తాళం పగలగొట్టమన్నాడు.

గదిలో విరిగిన స్టూళ్ళు, ఖాళీ అట్టపెట్టెలు. వాటి నడుమ ఆరో కంప్యూటర్, ఒంటరిగా, వెలుగుతూ. అందరి కంప్యూటర్లూ ఆపమన్నారు గాని దీన్ని ఆపమనడానికి ఇది ఉన్నట్టు ఎవరికి తెలుసు? గోడలోంచి వచ్చిన కేబుల్ దాని వెనక జాయింటుకు చేరింది. జాయింటు అవతలి నోటికి మూడో టోపీ బిగించి ఉంది, బుద్ధిగా.

తెరమీద ఉన్నది ఇన్‌స్పెక్టర్ కూడా చదవగలిగేదే. కెమిస్టు పాస్‌వర్డ్‌తో రెండో విడత ఫలితం తెరిచారు. నిన్న ఆవిడ కొట్టిన ‘చెడిపోయింది’ తీసేసి ‘మంచిది’ అని పెట్టారు. పెట్టింది ఇవాళ మధ్యాహ్నం.

ఇన్‌స్పెక్టర్ దాన్ని రెండుసార్లు చదివాడు. మీటరమ్మ అతనికి టైమిచ్చింది. గెలిచినప్పుడు నోరు మూసుకోవడం ఆవిడకి కష్టమే, అయినా మూసుకుంది.

“ఇవాళ మధ్యాహ్నం ఆవిడ నా ఎదురుగా ఉంది,” అన్నాడు చివరికి. “ప్లగ్గు నా బూటు కింద ఉంది.”

“ఆ సంగతి మీకు తెలుసు. అద్దంలోంచి చూసినవాడికి తెలీదు. ఆవిడ కంప్యూటర్ ముందే ఉంది కాబట్టి ఇదీ ఆవిడ నెత్తినే పడుతుందనుకున్నాడు.”

ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు, అది అతని గొప్పే అనాలి. కానీ పోలీసు బుర్ర ఊరుకోదు. తాళం మేనేజర్‌దే కావచ్చు, కేబుల్ వేసింది మేనేజర్ కాదుగా అన్నాడు. రేపు కోర్టులో నిలబెడితే ఆ పెద్దమనిషి ఏమంటాడు? కేబుళ్ళు వేసేవాడు కెమిస్టుకి సొంత తమ్ముడు, అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి చేశారు, నాకేం తెలియదు అంటాడు. అప్పుడు ఇద్దరూ లోపలికి పోతారు, వాడు బయట తిరుగుతాడు.

అది నిజమే. తీగ లాగితే డొంకంతా కదిలింది గాని, డొంకలో పామును చూశానని చెప్పే నోరు ఒకటి కావాలి. మీటరమ్మ గుమ్మంవైపు తిరిగింది.

“నేను చెప్పనా నాన్నా, నువ్వు చెబుతావా?”

తమ్ముడు లోపలికి వచ్చాడు. ఎవరూ పట్టుకోకముందే గోడకి ఆనుకుని కిందికి జారిపోయి కూర్చున్నాడు. పాత ల్యాబ్‌లోంచి పరీక్షల రహస్యాలు బయటికి పోతున్నాయనీ, దొంగను పట్టాలంటే లైను మీద చెవి పెట్టాలనీ మేనేజర్ తనకు చెప్పాడట. అక్కకి కూడా చెప్పొద్దన్నాడట. అందరూ మీటింగ్‌లో ఉన్నప్పుడు తను బీరువా సందులోకి చెయ్యి దూర్చి కేబుల్ కోసి జాయింటు వేశాడు, వాళ్ళు తిరిగొచ్చాక గోడకి అవతలి చివర పని ముగించాడు. పిల్లలు ఆస్పత్రిలో పడ్డాకే, తను వేసిన చెవి దేనికో తెలిసింది. అడగబోతే, కేబుల్ వేసిన చేతులు నీవేనని మేనేజర్ నవ్వాడట.

“అప్పుడే చెప్పాల్సింది,” అంది మీటరమ్మ.

“భయమేసిందమ్మా. మిమ్మల్ని పిలిస్తే మీరు ఆయన్ని పట్టుకుంటారనుకున్నా. మధ్యలో నేను ఉన్నట్టు తెలీకుండా.”

“మధ్యలో ఉన్నవాణ్ణి దాటి చివరికెలా పోతాను? ఇదంతా కోర్టులో చెప్పగలవా? నీకూ శిక్ష తప్పదు.”

“అక్కని వదిలేస్తారా?”

“వదిలేస్తారు.”

“చెప్తాను.”

ఇన్‌స్పెక్టర్ అతణ్ణి లేవదీయబోతుండగా గేటు దగ్గరి కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చాడు. సామాన్ల గది తాళం పగలగొడుతున్న చప్పుడు వినగానే మేనేజర్ సరుకు వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడట. వ్యాన్ నిండా రెండో విడత దగ్గుమందు. ఆ సీసాలు సాయంత్రానికి దుకాణాల్లో ఉంటాయి, రాత్రికి పిల్లల గొంతుల్లో ఉంటాయి.

“వ్యాన్ నంబరు చెప్పి అన్ని దారులూ మూయించండి,” అంది మీటరమ్మ. “మనిషి దొరక్కపోయినా ఫరవాలేదు. సరుకు దొరకాలి.”

ఈసారి ఇన్‌స్పెక్టర్ ఎదురు చెప్పలేదు. తమ్ముడికి ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టి పరుగున వెళ్ళిపోయాడు. అతని తొందర ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చేలా ఉంది. మీటరమ్మ కూడా సంచీ భుజాన వేసుకుని కదలబోయి, గుమ్మంలోనే ఆగిపోయింది.

కెమిస్టు వచ్చి నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో, ఎంత విందో తెలియదు. తమ్ముడి ముఖం చూడలేదు. తిన్నగా ఆరో కంప్యూటర్ వెనక్కి వెళ్ళి, వంగి, ఆ జాయింటును చూసింది. దాని చివర బిగించిన టోపీని వేలితో తిప్పి చూసింది. గట్టిగానే ఉంది.

“నడుమలోంచి కొమ్మ లాగితే లైను కుంటుతుందని నీకు తెలీదు, సరే,” అంది మెల్లగా. “ఇంత పొట్టి కొమ్మకి టోపీ ఉన్నా లేకున్నా లైను అలాగే కుంటేది. దీనికి టోపీ ఎందుకు పెట్టావురా? ఇది లేకపోయుంటే ఎన్నేళ్ళు వెతికినా ఆవిడ మీటరుకి చిక్కేవాడివి కాదు.”

తమ్ముడు తల ఎత్తలేదు.

“నువ్వే కదక్కా నేర్పావు. ఏ చివరనీ వట్టిగా వదిలేయకూడదని.”